ఒక్క పేజీ, పది షిల్లింగులు

కూర్చో ఒడెరా. ఆ స్టూలుకి ఒక కాలు కుంటి,
గోడకి ఆనుకో.
కిసుములో ఉద్యోగం వెతకడాన్ని తారు తొక్కడం అంటాం.
నీ చెప్పుల మడమలు చూస్తేనే తెలుస్తోంది
ఎన్ని గేట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగావో.

ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వు.
నాలుగు పేజీలా!
మొదటి పేజీ నిండా తండ్రి పేరు, తాత పేరు, చర్చి పేరు, నీ ఎత్తు.
చదివేవాడు వియ్యమందడానికి రావట్లేదయ్యా,
చేపల ఐసు ఫ్యాక్టరీకి ఒక మనిషి కావాలంటున్నాడు, అంతే.
"కష్టజీవిని, నిజాయితీపరుణ్ణి."
ఈ ముక్క ఈ వారంలో నేనే ముప్ఫైసార్లు టైపు చేశాను.
ముప్ఫైమందీ నిజాయితీపరులే,
అందులో ఒకడు నా పది షిల్లింగులు ఎగ్గొట్టాడు.
కొట్టేస్తున్నా.

ఫోన్ నంబరు పైకి చదువు. మళ్లీ.
చూశావా, చివరి అంకె తప్పు.
రెండు నెలలుగా ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు
నీకొచ్చిన పిలుపులకి హలో అంటున్నాడేమో.
ఈమెయిల్ ఏంటి, "సరస్సు సింహం"?
నీ పేరుతో ఇంకోటి తెరుద్దాం.
సింహాలకి ఎవరూ జీతాలివ్వరు.

నీ గురించి అడగమని రాసిన హెడ్మాస్టరు ఒగుటు గారు
పోయినేడు కాలం చేశారు, తెలీదా?
బతికున్నవాళ్లని రాయి.
రాసేముందు వాళ్లని అడుగు,
ఫోనొస్తే "ఏ ఒడెరా?" అనకుండా.

ఇక ఈ రెండేళ్లు.
ఖాళీగా వదిలేశావే?
"ఏమీ లేదక్కా, ఊరికే సరస్సు దగ్గర..."

కరెంటు పోయింది.
ఫ్యాను ఆగింది, తెర నల్లబడింది,
వీధిలో ఎవడో మెకానిక్ బూతు తిట్టాడు.
మేమిద్దరం చీకట్లో.
నువ్వు ఊసుపోక మొదలెట్టావు:
గుర్రపుడెక్క ఒడ్డంతా కమ్మేసిన సంగతి,
పడవలు అడుగు కదలక, మోటారు రెక్కలకి తీగలు చుట్టుకుని
పిన్నులు పటపట విరిగిన సంగతి,
సైకిలు పుల్లలు కోసి నువ్వు కొత్త పిన్నులు చేసిన సంగతి.
పదకొండు పడవలు.
ఏ మోటారు ఎప్పుడు మొరాయిస్తుందో రాసుకున్న నోటుపుస్తకం.
రెండేళ్లలో ఒక్క రాత్రి కూడా
ఎవరూ నీళ్ల మీద చిక్కుకుపోలేదని
గొంతు కాస్త తగ్గించి చెప్పావు,
అదేదో తప్పైనట్టు.

కరెంటొచ్చింది.
సేవ్ చెయ్యలేదు, పోయింది, మొత్తం.
పోనీలే. నాలుగు పేజీల పీడ విరగడైంది.
చీకట్లో ఏం చెప్పావో అదే చెప్పు,
అంతే నెమ్మదిగా, నా వేళ్లకి అందేలా.
పదకొండు, అంకెల్లో వేస్తున్నా.

ఒక్క పేజీ కూడా నిండలేదు చూడు.

విను, ప్రింటరు వేడెక్కేలోగా.
ఉద్యోగం ఇప్పిస్తాం, ముందు రెండు వేలు కట్టమన్నవాడు
నీకు ఉద్యోగం ఇవ్వడు, నువ్వే వాడి ఉద్యోగం.
ఐసు ఫ్యాక్టరీకి పొద్దున్నే వెళ్లు,
మధ్యాహ్నానికి వాళ్ల ఓపికా కరిగిపోతుంది.
గేటు దగ్గర వాచ్‌మన్ పేరు కనుక్కో.
లోపల ఏ మోటారు ఏడుస్తోందో
మేనేజరుకంటే ముందు అతనికే వినిపిస్తుంది.
ఎక్కడిచ్చావో, ఎవరికిచ్చావో, ఏ తేదీనో
ఆ పడవల నోటుపుస్తకంలోనే రాసుకో.
వారం ఆగి ఫోన్ చెయ్యి. ఒక్కసారే.
వద్దన్నా థాంక్స్ చెప్పు,
వద్దన్నవాడి చెల్లెలికి షాపుండొచ్చు.
నేనలాగే ఇక్కడ చేరాను.

రెండు కాపీలు ఇవి, మూడోది అడుగున పెట్టుకో.
ఇదేంటి, స్టూలు తలకిందులు చేశావు?
సుత్తి ఆ అట్టపెట్టె వెనక ఉంది.
మేకులు లేవు.
నీ దగ్గరున్నాయా? జేబులోనా?

సరే, పది షిల్లింగులు ఉంచుకో, మటాటుకి.
లే, లే, తర్వాతావిడ వచ్చింది.
రామ్మా. కూర్చో.
గోడకి ఆనుకో... వద్దులే,
అక్కర్లేదు.