అడుగు లేని అలమర

కువోపియోలో నవంబరు. మూడున్నరకే చీకటి.
మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
సుత్తి, చిన్న గునపం, రెండు గోనెసంచులు మోసుకుని
హిల్కా గారి పాత వంటగది పీకడానికి వెళ్లాను.
పీకడమే నా పని. బిగించేవాళ్లు వేరు.

కొత్త గది బొమ్మ జేబులో ఉంది, ఓత్సో గీసింది.
నున్నటి తెల్ల తలుపులు, ఒక్కదానికీ పిడి లేదు,
ఎక్కడ పట్టుకోవాలో తలుపుకే తెలియనట్టు.

సింకు పైన పాత అలమర.
తెరిచి చూస్తే దానికి అడుగు లేదు.
పలక ఉండాల్సిన చోట సన్నటి కడ్డీలు,
కడ్డీల మధ్య పళ్లేలు నిలబడి ఉన్నాయి
ఒకదాని వీపు ఒకటి తాకకుండా,
మా ఊళ్లో జనం బస్సు కోసం నిలబడ్డట్టు.
కారే నీళ్లు కారి సింకులోకే పోతాయి.
తలుపు మూస్తే లోపల ఏ పనీ జరగనట్టుంటుంది.

ఇక్కడే పుట్టినవాణ్ణి.
ఇలాంటివి నాలుగు వందలైనా పీకి ఉంటాను.
ఒక్కదాన్నీ చూడలేదు.

ముందు కాఫీ తాగమన్నారు.
ఎవరో బహుమతిగా ఇచ్చిన కూజా,
హంస మెడలాంటి ముక్కు.
పోసిన ప్రతిసారీ ఒక చుక్క ఆ మెడ వెంట జారి
బల్లగుడ్డ మీద గోధుమరంగు ఉంగరం వేస్తుంది.
"చూడ్డానికి బాగుంటుంది," అన్నారు,
"అందుకే కిటికీలో పెట్టుకుంటాను.
చుట్టాలొస్తే బయటికి తీసి తిట్టుకుంటాను."

తర్వాత నా కప్పు కడిగారు.
ఎడమ చేత్తో.
కుడిచెయ్యి రెండేళ్లుగా ఉన్నికోటు జేబులోనే ఉంటోందట,
పక్షవాతం వచ్చిపోయిన దగ్గర్నుంచి.
మోచేత్తో కుళాయి ఎత్తారు, కప్పు నీళ్ల కింద తిప్పారు,
అదే చేతి చిటికెనవేలితో తలుపు లాగి
కారుతున్న కప్పును కారుతుండగానే బోర్లించి
మూసేశారు. అంతే.

తుడవాలంటే రెండు చేతులు కావాలి.
ఒకటి పట్టుకోవాలి, ఇంకొకటి తిప్పాలి.
నాకిన్నాళ్లూ తట్టలేదు,
రెండూ ఉన్నవాణ్ణి కదా.

ఎవరో, ఎప్పుడో,
అంట్ల ముందు నిలబడి నడుం పట్టేసిన మనిషే అయ్యుండాలి,
నీరు పల్లమెరుగు అన్న మాటను నమ్మారు.
ఆ ఎరుకకు అడ్డంగా ఉన్న పలకను తీసేశారు.
కలిపిందేమీ లేదు.

మంచి వస్తువంటే ఏమిటని నన్నెవరూ అడగలేదు.
పీకేవాణ్ణి ఎవరడుగుతారు?
అడిగితే ఏం చెప్పాలా అని
రెండో కప్పు చల్లారేదాకా ఆలోచించాను.
ఒక్కటే దొరికింది:
మనలో ఏదో తగ్గిన రోజున
ఆ ఊసెత్తకుండా పక్కన నిలబడేది.
ఇంకా ఏదో ఉంది గానీ అది మాటకు రాలేదు.

ఓత్సోకు ఫోన్ చేశాను.
"బొమ్మలో లేదుగా అది," అన్నాడు,
"గిన్నెలు తోమే యంత్రం పెడుతున్నాం కదా."
"యంత్రం కోసం వంగాలి," అన్నాను.
కొంతసేపు అటువైపు మీటలు నొక్కిన చప్పుడు.
"వెడల్పెంత?"
ఎనభై సెంటీమీటర్లు. కొలతపట్టీ అప్పటికే నా చేతిలో ఉంది.

అప్పుడు గమనించాను,
పై వరస అందడానికి ఆవిడ మునివేళ్ల మీద లేస్తున్నారు.
అరవై ఏళ్ల కిందట బిగించినప్పటి పొడుగు వేరు,
ఇప్పుడున్నది వేరు.
అలమర మంచిదే, గోడ మీద దాని చోటే పాతబడింది.

దింపాను. జానెడు కిందికి కొత్త రంధ్రాలు వేసి
మళ్లీ ఎక్కించాను, నా పని కాకపోయినా.
నాలుగో మర వంకరగా దిగింది.
ఎంత తిప్పినా సరికాలేదు.

హిల్కా గారు మడమలు నేలకు ఆనించి
పై వరసలో ఒక పళ్లెం పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు.
వంకర మర చూశారు.
"ఉండనీ," అన్నారు,
"అది చేతికి తగలదు."