చిల్లర

ఎల్కతుర్తి మూలమలుపు కాడ బర్రె అడ్డమొచ్చిందట,
డ్రైవర్ సడెన్ బ్రేక్ కొట్టిండట.
వనమాల తల ఇనుపరాడుకు తాకింది.
టికెట్ మిషన్‌కు గీత కూడ పడలే.

ఎంజీఎంల పన్నెండో రోజు
కండ్లు తెరిచి నన్ను చూసి
"చిల్లర" అన్నది.
జేబులు తడుముకున్న, పిచ్చోని లెక్క.

అప్పటిసంది ఆమెకు అన్నీ చిల్లరే.
బువ్వ చిల్లర, ఎండ చిల్లర,
బడి నుంచి వచ్చిన సుప్రజ చిల్లర.
సాగదీస్తే దూప,
తుంచి అంటే కోపం,
గోడ దిక్కు తిరిగి మెల్లగ అంటే
నేను బయటికి పోవాలె.

డాక్టరమ్మ బొమ్మల కార్డు పట్టి అడుగుతది, ఇదేంది?
వనమాలకు ఎరుకే.
చెయ్యి తల మీదికి పోతది, గొరిగిన జడను దువ్వుతది,
నాలిక పండ్లకు ఆనుతది "దు" కోసం.
బయటపడేది మాత్రం చిల్లర.

ఒకనాడు పాలు పొంగగొట్టిన.
"నీ బొంద!" అన్నది,
నిండుగ, అక్షరం జారకుంట.
సుప్రజ నేను పొయ్యి కాడ్నే ఎగిరినం.
తెల్లారి కావాలని పొంగగొట్టినం. రాలే.

నీ పేరు మర్చిపోయిందా అని అడుగుతరు చుట్టాలు.
పంతొమ్మిదేండ్లల్ల ఎన్నడన్న పిలిస్తే కద.
"ఇగో" అనేది.
ఆ ఇగో కోసం ఒక చెవి ఇంట్ల ఇడిచిపెట్టి
పంక్చర్ దుకాణం తెరుస్తున్న.

కరెంటు పోయిన రాత్రి, చీకట్ల మొదలువెట్టింది:
హన్మకొండ, భీమారం, హసన్‌పర్తి, ఎల్కతుర్తి,
(ఆమె గొంతు వణకలే, నాకే చెమటలు)
హుజూరాబాద్, కేశవపట్నం.
ఆగింది. గోడ మీద అరచేత్తో రెండు దెబ్బలు,
ఆపు, దిగేటోళ్ళున్నరు అన్నట్టు.
కేశవపట్నంల ఏమున్నదే?
మనోళ్ళు లేరు, జాగ లేదు.
మళ్ళ హన్మకొండ నుంచి. మళ్ళ అక్కడ్నే.
మళ్ళ రెండు దెబ్బలు.

ఐతారం బస్సెక్కినం.
కొత్త కండక్టర్, చిన్న పిల్ల. ఏడికి?
నోరు తెరిచి మూసుకున్న నేను.
వనమాల మొదట్నుంచి అందుకున్నది.
ఎనక ఎవడో కిసుక్కుమన్నడు, ఎవరో ముసలామె వాన్ని గదిమింది.
మా బస్సు ఇంకా భీమారంలనే,
ఆమె బస్సు హుజూరాబాద్ దాటింది.
కేశవపట్నం. సీటు రాడు మీద రెండు దెబ్బలు.

ఆమెకు జీరో టికెట్ కొట్టింది పిల్ల.
నా అయిదువందల నోటు చూసి
మొకం మాడ్చుకొని
"చిల్లర" అన్నది.

వనమాల నా దిక్కు తిరిగింది.
కుడి మూతి కదలలే.
ఎడమ మూతి నవ్వాపుకోలేక
కొంగు అడ్డం పెట్టుకున్నది.

కేశవపట్నంల ఏమున్నదో
నాకింకా తెల్వదు.