పెరగని జుట్టు

హూసవీక్‌లో మా వేడినీళ్ళ కొళాయి
తిప్పగానే కుళ్ళిన గుడ్డు వాసన.
భూమి కడుపులో నీళ్ళు మరి, అలాగే ఉంటాయి.
పొయ్యి ముట్టించే పని లేదు.
బొమ్మ తలకు ఆ వేడి చాలు,
ఇంకాస్త ఎక్కువైతే బుగ్గలు మెత్తబడి
ఎవరి ముఖమో అయిపోతుంది.

పై అంతస్తు సున్నీవా, ఏడేళ్ళది,
కుర్చీ మీద మోకాళ్ళేసి చూస్తోంది.
బొమ్మ పేరు కెప్టెన్.
నాన్న హల్వార్డుర్‌కి తోడుండాలని
చెప్పకుండా అతని సంచిలో దూర్చింది.
పదకొండు రోజులు కాడ్ చేపల వేటలో తిరిగి
కెప్టెన్ ఇల్లు చేరింది,
డీజిల్ కంపుతో, చెవి వెనక ఒక పొలుసుతో.
అది జుట్టు కాదు, వలముక్క.

బట్టలు మెత్తబడే మందు రెండు మూతలు కలిపి
రాత్రంతా నానబెట్టాను.
కొసల నుంచి దువ్వాలి, పైకి పైకి,
చిక్కును బతిమాలుకోవాలి, బెదిరిస్తే బిగుసుకుంటుంది.
నలభై ఒక్కేళ్ళు ఈ ఊరి తలలు దువ్వాను.
ఇప్పుడు కుడిచేతి బొటనవేలు
తనకు తోచినప్పుడే నా మాట వింటుంది.

దువ్వెన ఎడమ పక్కకు రాగానే
పిల్ల కుర్చీ దిగి కిటికీ దగ్గరకెళ్ళింది.
చూద్దును కదా, చెవి పైన ఒక పాయ
వేలెడు మిగిలింది. కత్తెర గాటు, కొత్తది.
"పెరుగుతుందనుకున్నా," అంది గాజుతో.

పెరుగుతుందిలే.
ఎన్ని వేలసార్లు అన్నానో ఆ మాట!
పెళ్ళి ముందురోజు ఏడ్చిన గ్రోవాతో,
తనే ముందుజుట్టు కత్తిరించుకున్న పాస్టరు గారి భార్యతో,
నా చెయ్యి జారిన ప్రతిసారీ, అద్దంలోకి నవ్వుతూ.
నా వృత్తిలో సగం కత్తెర, సగం ఆ మాట.
ఈ తలలో మాత్రం
వరసగా కుట్టిన బెజ్జాలు, నైలాను పోగులు.
ఇక్కడ ఏది పోయినా పోయినట్టే.

నోరు మూసుకుని అలమర తెరిచాను.
కాగితం స్ట్రాలు నీళ్ళలో పడితే అంబలి అవుతాయని
నిన్ననే తెలిసింది.
అడుగు అరలో, బిస్కెట్ డబ్బాలో, ఎర్ర కడ్డీలు.
అన్నిటికన్నా సన్నవి,
ముసలమ్మల మెడ మీది నూగుకు వాడేవి.
ఆ మెడలన్నీ ఇప్పుడు చర్చి వెనక ఉన్నాయి.

చూడు సున్నీవా, పొడుగును పొట్టి చేసేది కత్తెరొక్కటే కాదు.
ఉంగరం తిప్పితే జుట్టు పైకి ముడుచుకుంటుంది.
ఈ పక్క గట్టిగా చుడదాం, ఆ పొట్టి పాయ దగ్గరికి
మిగతాదంతా తనే ఎక్కి వస్తుంది.
కేకుల కింద వేసే కాగితం చీలికలు చేసి ఇవ్వు.
కొస మడవకు. కొస మడిస్తే జన్మంతా మడతే.

పిల్ల పట్టుకుంది, నేను చుట్టాను.
నేను వణికితే తను చుట్టింది.
ఇరవై మూడు కడ్డీలు.
కెప్టెన్‌ను తలకిందులుగా గిన్నెలో ముంచి
అరవై లెక్కపెట్టాం, తను నలభై తర్వాత తప్పింది,
మళ్ళీ మొదటి నుంచి.
తర్వాత చన్నీళ్ళు, ఒక్కసారిగా, మంచు కరిగినవి.
"అరవలేదు," అంది మెచ్చుకోలుగా.

రాత్రికి విప్పకూడదు. విప్పింది.
ఒక్కటేలే, చూడ్డానికి,
అది తడిగా జారిపోతే ఏమీ ఎరగనట్టు చుట్టేసింది.
నేనూ ఏమీ చూడలేదు.

పొద్దున్న ఎర్ర కడ్డీలు ఒక్కోటీ ఊడొచ్చాయి.
కుడివైపు ఉంగరాలు, అచ్చం నా రోజుల్లోలా.
ఎడమవైపు, ఎంత బిగించినా, ఒకటే గోల,
కొన్ని పైకి, కొన్ని వెనక్కి,
పొట్టి పాయ కొమ్ములా నిలబడింది.
చిన్న ఊలు టోపీ తీశాను, గుడ్డు మీద కప్పేది.

"వద్దు," అంది.
తల వంచి బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది,
పడవ చూసినట్టు.
"ఉత్తరపు గాలి. ఎడమ నుంచి కొడుతోంది."

సోమవారం హల్వార్డుర్ మళ్ళీ బయల్దేరాడు.
ఈసారి కెప్టెన్ సంచిలో లేదు,
అతని చంకలో, టోపీ లేకుండా,
రేవులో అందరికీ కనబడేలా.