ఎముక నుంచి బావి దాకా

గోబీలో జనవరి. మైనస్ ముప్పై నాలుగు.
తొమ్మిదో తరగతి పిల్లలు పద్నాలుగు మంది
ఉన్ని టోపీలు లాగేశారు.
జుట్లన్నీ లేచి నిలబడ్డాయి.
టీచరొచ్చినప్పుడు కూడా వాళ్లు
అంత మర్యాదగా ఎన్నడూ లేచింది లేదు.
ఖొంగొర్‌జుల్ ఒక్కతే టోపీ తీయలేదు.

దుల్మా టీచర్ ప్లాస్టిక్ దువ్వెనను
కోటు చేతి ఉన్నికి నాలుగుసార్లు రుద్దింది.
చింపిన కాగితం ముక్కలు ఎగిరి అంటుకున్నాయి.
"దువ్వెన కొన్ని ఎలక్ట్రాన్లు లాక్కుంది.
ఉన్ని పోగొట్టుకుంది.
కొత్తగా ఏదీ పుట్టలేదు. చేయి మారింది, అంతే."

(మన పేర్ల చిత్రం చూడండి:
పుచ్చుకున్నదాన్ని ఋణమన్నాం,
ఇచ్చేసుకున్నదాన్ని ధనమన్నాం.
ఎవరు పెట్టారో గానీ
చేబదుళ్ల సంగతి బాగా ఎరిగినవాళ్లే.)

తర్వాత జేబులోంచి గొర్రె మడమ ఎముక,
పిల్లలు ఆడుకునే షగాయ్,
తీసి బల్ల మీద పెట్టింది.
"ఇది కేంద్రకం అనుకోండి.
ప్రోటాన్లు, న్యూట్రాన్లు, బరువంతా ఇక్కడే.
మరి ఎలక్ట్రాన్ ఎక్కడుంటుంది?"
బల్ల అంచున వెతికారు, పొయ్యి మూల వెతికారు.
"ఒంటెల బావి దగ్గర."
కిలోమీటరున్నర. నీళ్లకి అందరూ నడిచిన దూరమే.
"ఫలానా చోటని మాత్రం అడక్కండి.
మేతకి వదిలిన గుర్రం లాంటిది."
"మధ్యలో ఏముంటుంది?"
"ఏమీ ఉండదు."
గోబీ పిల్లలకి ఆ మాట వివరించక్కర్లేదు.

లుఫ్సాన్‌కి కోపమొచ్చింది.
"అంతా ఖాళీ అయితే
నా చెయ్యి బల్లలోంచి దూరిపోదేం?"
"ఖాళీయే, కానీ కాపలా ఉంది.
నీ ఎలక్ట్రాన్లని దాని ఎలక్ట్రాన్లు రానివ్వవు.
నువ్వు తాకాననుకునేది
ఆ వద్దనడాన్నే."
ఇక తరగతంతా బల్లలు బాదింది.
వద్దు, వద్దు, వద్దు.

ఆ చప్పుడు మధ్యలో
ఖొంగొర్‌జుల్ చెయ్యెత్తింది.
"పిడుగు పైనుంచి వస్తుందా, కిందినుంచా?"

పోయిన ఆగస్టులో
వాళ్ల నాన్న బూడిదరంగు గుర్రం
మేస్తున్నది మేస్తున్నట్టే కూలిపోయిందని
ఊరందరికీ తెలుసు.
దుల్మా టీచర్‌కీ తెలుసు.

"మబ్బు అడుగున ఋణం పేరుకుంటుంది," అంది నెమ్మదిగా.
"దారి తడుముకుంటూ దిగుతుంది.
దాన్ని కలవడానికి నేలలోంచీ ఓ పాయ లేస్తుంది.
కంచె గుంజలోంచో, గడ్డిలోంచో..."
"చెవుల్లోంచి?"
"చెవుల్లోంచి కూడా."

"దాని జూలు ముందే లేచింది టీచర్.
కుచ్చులాగా, నిలువునా.
నేను నవ్వాను."

పొయ్యిలో బొగ్గు విరిగి పడింది.
బల్ల మీది ఎముకని తీసి
దుల్మా టీచర్ ఆ పిల్ల చేతిలో పెట్టబోయింది.
వేళ్లు ఇంకా తగలనే లేదు,
చిటుక్కుమంది.

ఎవరు ఇచ్చారో,
ఎవరు పుచ్చుకున్నారో.
ఇద్దరూ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.