నాలుగో నంబరు చీటీ

దేవరకొండ కోర్టు నుంచి
తొమ్మిదేండ్లకు ఇంటికొచ్చింది గడ్డపార.
మెడకు సుతిలి తాడు, తాడుకు అట్టచీటీ,
చీటీ మీద నాలుగో నంబరు.
ముద్దాయిలు ఎన్నడో రాజీపడ్డరు,
ఇదొక్కటే శిక్ష పూర్తిజేసుకొని వచ్చినట్టు
తుప్పుబట్టి
ఊశయ్య ఇంటి గోడకానుకొని నిలబడ్డది.

నేను పంచాయతీల నీళ్లిడిసేటోణ్ణి.
పొద్దుగాల మీది వాడకు, పొద్దుమీకి కింది వాడకు.
ఆ లొల్లి అయిన రోజు కూడ
వాల్వు తిప్పింది నేనే.
రెండు బిందెల కాడ మొదలైంది
గెట్టు దాకా పోయింది,
గెట్టు మీద మైసయ్య భుజం దాకా పోయింది.
ఆ యాల పైపుల నీళ్లు ఎవ్వలూ పట్టుకోలే.
మోరీల పడి పోతనే ఉన్నయి.
నాకదే యాదికుంది, నెత్తురు కంటె.

మొన్న మంగళారం
బడి ముందట టెంటేసిన్రు. సర్పంచి మాట్లాడిండు,
శాంతి అన్నడు, అహింస అన్నడు,
మైకు కూ అన్నది.
కానుగ మొక్క సంచిల వాడిపోతున్నది.
గుంత తవ్వాలని మాత్రం ఎవ్వలికీ యాదికి రాలే.
మా నేలంత మొరం, పారకు లొంగదు.
అప్పుడు ఊశయ్య ఇంటికి పోయి
దాన్నే పట్టుకొచ్చిండు.

అందరం లేచి నిలబడ్డం.
కుర్చీలు రెండు వెనక్కి పడ్డయి.
మైసయ్య పెండ్లాం నోట్లె కొంగు పెట్టుకున్నది.
ఊశయ్య ఎవ్వలి దిక్కు చూడలే.
మొరం మీద ఒక పోటు. ఇంకొకటి.
అగ్గిరవ్వలు లేసినయి.
నాలుగో పోటుకు దగ్గొచ్చి ఆగిండు.

మైసయ్య ముందటికొచ్చిండు.
ఆయన కుడిచెయ్యి భుజం పైకి లేవదు,
బువ్వ తినేకాడికే వస్తది.
ఎడమ చేత్తోని గడ్డపార అందుకున్నడు,
నడుమ పట్టుకొని
అటు ఇటు ఊపి చూసిండు.
"గింతేనా దీని బరువు" అన్నడు.

మిగిలిన గుంత ఎవరు తవ్విన్రో చెప్పలేను,
నా కండ్లల్ల దుమ్ము పడ్డది.

గాలికి వంగకుండ మొక్కను కట్టెకు కట్టాలె.
జంగమ్మ ఆ సుతిలి తాడే ఇప్పింది.
కింద పడ్డ చీటీని మేక తిన్నది.
ఎవరి మేకనో ఎవ్వలూ అడగలే.

ఇప్పుడు నాకొక పని పెరిగింది,
రెండు వాడల నడుమ
లెక్కల రాయని ఒక బిందె.
నిన్న జెరమొచ్చి పండుకుంటే
మీది వాడోళ్లు ఒక బిందె పోసిన్రంట,
కింది వాడోళ్లు ఒక బిందె,
ఒకలకు తెల్వకుండ ఒకలు.
వేర్లు కుళ్లిపోతయని
రెండు వాడలనూ తిట్టిన.