డ్రైవరు బేరం

దాన్ని కాదబ్బయా, ఆ మెరిసేదాన్ని కింద పెట్టు.
నలభై ఐదు దీనార్లు దాని రంగుకే.
నీ జీతమెంతో నేనడగను,
నీ చెప్పులు చెప్తానే ఉన్నాయి.

ఇట్రా, గొడుగు నీడలోకి.
కువైట్‌లో శుక్రవారం సంత,
పదకొండు దాటితే రేటు దానంతటదే దిగుతాది.
ముందు ఉత్త చేతుల్తో ఊపి చూపించు.
ఊఁ.
భుజం ముందే పోతాంది, నడుము ఇంకా నిద్ర లేవలా.
పన్నెండు గంటలు పైపులకు వెల్డింగు చేసే చెయ్యి
బిగించడం నేర్చింది, వదలడం మరిచింది.
నీకు గట్టి కాడ వద్దు.
వంగే కాడ కావాల, రెగ్యులర్ అని రాసుంటాది చూడు,
నువ్వివ్వలేని విసురు అది వంగి ఇస్తాది.
ముఖం కొంచెం ఆకాశం చూడాల:
పదిన్నర డిగ్రీలు. పన్నెండైనా నామోషీ లేదు.
మా బాబా పౌరుషానికి తొమ్మిది డిగ్రీలది కొన్నాడు,
బంతి కలుగు వెతుక్కునే ఎలుకలాగా
నేలబారునే పోతుండె.
ఏడేళ్లు.

నాకెట్లా తెలుసంటావా?
నా వీసా మీద కూడా ఆ మాటే రాసుంది: డ్రైవరు.
రాయచోటిలో ఏజెంటు అది చదివి వినిపించిన రోజు
మా ఆడమనిషి వీధంతా బొరుగులు పంచింది.
ఇక్కడ, బాబాను అహ్మదీ ఇసుక మైదానంలో దింపి,
ఏసీ వేస్తే పెట్రోలు లెక్క అడుగుతాడని
దుమ్ముకు అద్దాలు బిగించుకుని కూచునేవాణ్ణి.
ఎదురుగా పెద్దమనుషులు, ఒక్కొక్కరికీ ఒక డ్రైవరు,
దాని తలకు ఉన్ని టోపీ.
నవ్వొచ్చేది.
ఆ నవ్వులోనే చూపు నేర్చుకున్నా.
ఎవని బంతి కుడికి ఒరుగుతాదో
వాడు కారు దిగేటప్పుడే చెప్పేవాణ్ణి,
స్టీరింగుకు.

ఇదో, ఈ నల్లది. నాలుగేళ్ల కిందటి మోడలు.
కుండ కొనేటప్పుడు మీయమ్మ ఏం చేస్తాది?
వేలి కణుపుతో తట్టి చెవి ఆనించు.
కంగుమంటే నిండు ప్రాణం.
గలగలమంటే లోపల జిగురూడింది.
బొంగురుపోతే కంటికి ఆనని నెర్రె ఉన్నట్టు,
అట్లాటిది ఆ మూల అంగట్లో ఐదుకే ఇస్తారు,
ఐదూ దండగే.

ఇది ఒక స్కాట్లండు ఇంజనీరుది.
ముప్పై ఏళ్లుండి మూడు రోజుల్లో ఇల్లు ఖాళీ చేసినాడు.
సోఫాలు, చిలక పంజరం, ఇదీ.
పంజరమే ముందు అమ్ముడుపోయింది.
పిడి మీద ఆయన బొటనవేలు అరిగిన గుంట ఉంది,
కొత్త రబ్బరు వేయించుకో, ఒకటిన్నర దీనారు.
లేకుంటే నీ వేలు పోయి అక్కడే కూచుంటాది,
ఆయన తప్పులన్నీ నీకొస్తాయి.

ఇరవై రెండు.
పోనీ, పద్దెనిమిది.
ఏం, పద్నాలుగా? ఎగతాళికొచ్చినావా?

ఫోర్‌మన్ ఆటకు పిలిచినాడంటావు,
కలిసి ఆడితే షిఫ్టు మారుస్తాడంటావు.
మారుస్తాడేమో.
నేనూ బాబాకు ఒకసారి చెప్పినా,
తొమ్మిది డిగ్రీలు మీకు సరిపడదని.
మరుసటి నెల కొత్తది కొన్నాడు.
ఆ నెల నా జీతం ఆలస్యమైంది.
రెండిటికీ సంబంధం లేదనే అనుకుంటా.

పదిహేడు. ఆఖరి మాట.
ఈ గడ్డి ముక్క ఊరికే ఇస్తా,
జానెడు వెడల్పు ప్లాస్టిక్ పచ్చిక.
ఆడంతా ఇసకే కదా,
ఎవని పచ్చిక వాడే మోసుకుపోవాల,
బంతి పడిన చోట పరిచి, కొట్టి,
మళ్లీ చుట్టి చంకన పెట్టుకోవాల.

నేనా? ఒక్కసారి కొట్టినా.
బాబా లోపల కాఫీ తాగుతుండె, మసక వేళ.
తగిలిందో లేదో చేతికి తెలీనే లేదు,
తెలీకపోతేనే బాగా తగిలినట్టంట.
దూరంగా గ్యాసు మంటలవైపు పోయింది బంతి.
పడేది చూడలేదు. ఫోను మోగింది.

పట్టు, గోనెలో చుట్టినా.
ఒక్క మాట,
దీన్ని కారు డిక్కీలో ఉంచొద్దు,
ఎండాకాలం అసలొద్దు.
కాడకూ తలకూ నడుమ ఉండేది జిగురే.
మూసిన కారులో మధ్యాన్నం రెండు గంటలుంటే
అదేమైతాదో
నాకు తెలుసు.