నూలుకీ తక్కువ

మునిగుడ దారిలో
వాన నింపిన గొయ్యొకటి
మా ముసలి పాలియో రిమ్ముని కొరికేసింది.
డిక్కీలో ఆశ్రమ పాఠశాల నిక్కర్లు మూడువందల నలభై,
కాజాలు తీసినవి కొన్ని, తీయనివి కొన్ని.

రాయగడ స్టేషను వెనక ఖగేశ్వర్ పాలో దుకాణం.
దుకాణమంటే గోడల్లేవు.
చక్రం మీద చక్రం, మనిషెత్తున,
ఏ బండివో ఎవరికీ గుర్తులేని చక్రాలు.
నాలుగు కన్నాలున్నవి ఏరుకున్నాం.
"నాలుక్కి నాలుగు. మరింకేటి వదినా?"
అప్పటికే ఒకదాన్ని దొర్లించుకొస్తున్నాడు
మా మరిది తవిటినాయుడు.
"హెబొ, హెబొ" అన్నాడు ఖగేశ్వర్, బీడీ తీయకుండా.
అవుతుంది, అవుతుంది.
ఆ మాట విన్నప్పుడల్లా
నా చెయ్యి టేపు మీదికి పోతుంది.

అది ఎప్పుడూ మెళ్ళోనే ఉంటుంది,
పుస్తెలతాడు కన్నా ఎక్కువ అరిగింది.

ఎదురెదురు కన్నాలు, నడిమి నుంచి నడిమికి.
గుండీ నుంచి గుండీకి కొలిచే చెయ్యే కదా.
విరిగినదాని మీద తొంభై ఎనిమిది.
కొనబోయేదాని మీద నూరు.
గుడ్డ టేపు సాగుతుందని
స్టీలు స్కేలు అడిగి మళ్ళీ పెట్టాను.
తొంభై ఎనిమిది. నూరు.

రెండు మిల్లీమీటర్లు.
మా లెక్కలో నూలుకీ తక్కువ.
నూలు తేడాకి దర్జీ ఎవరూ కుట్టు విప్పరు.
నీళ్ళు చిలకరించి, ఇస్త్రీపెట్టె ఆనించి
మెల్లగా లాగుతాం, గుడ్డ వింటుంది.
హెడ్‌మాస్టరమ్మ జాకెట్టయినా వింటుంది,
రెండుసార్లు తొడిగాక ఒళ్ళూ వింటుంది.

"బోల్టులు దిగుతున్నాయి, చూడు!"
దిగాయి.
మొదటిది నున్నగా.
రెండోదీ.
మూడోది కాస్త మూలిగింది.
నాలుగోదానికి తవిటినాయుడు పానా మీద నిలబడ్డాడు.
వంగి చూస్తే దాని తల ఒక పక్కే ఆనింది,
రెండో పక్క గోరు పట్టేంత చీకటి.

గాలి పట్టే కుర్రాడు దసురు జకసిక
అప్పటిదాకా ఒక్క మాటా అనలేదు.
నా చెవి వెనక సుద్దబిళ్ళ చూసి చెయ్యి చాపాడు.
జాకీ మీద చక్రాన్ని ఒక్క వేలితో తిప్పి
సుద్దని అంచు దగ్గర కదలకుండా పట్టుకున్నాడు.
ఆగాక చూశాం:
సగం అంచుకే తెలుపు. మిగతా సగం తాకనేలేదు.
"హెబొ నాహీ."
పదిహేనేళ్ళుండవు వాడికి.
ఖగేశ్వర్ బీడీ అప్పుడు తీశాడు.

తర్వాత ఆ వాన తగ్గేదాకా
వాడు నాకు చక్రం ఒంటికొలతలు చెప్పాడు.
నడిమి కన్నం మెడ, బిగువుండకూడదు, వదులూ ఉండకూడదు,
బరువు మోసేది అదేనట.
వెనక వైపు ఎంత లోపలికి కూర్చుంటుందో అది చంక లోతు,
తగ్గితే బండి దాటి బయటికొస్తుంది,
పెరిగితే లోపల రాసుకుంటుంది.
మరి అయిదు కన్నాలవి? దేనికీ ఎదురు లేదు కదరా?
నవ్వాడు.
ఒకదాని నడిమి నుంచి, పక్కదాన్ని వొగ్గేసి,
దాని తర్వాతదాని అవతలి అంచు దాకా.
అంతే, దగ్గర దగ్గరగా వస్తుంది.
ఎవరు నేర్పారంటే
దొంతర వైపు చూపించాడు.

తొంభై ఎనిమిది ఆ దొంతరలో లేదు.
పార్వతీపురంలో ఉండొచ్చు,
ఉండకపోవచ్చు, ఆ కంపెనీ బళ్ళే తగ్గిపోయాయి.
నిక్కర్లు మునిగుడ బస్సు టాపెక్కాయి.
తవిటినాయుడు ఇంకా గొణుగుతూనే ఉన్నాడు,
దిగాయి కదా, దిగాయి కదా అని.

రాత్రి కొలతల పుస్తకం తీశాను.
వార్డెన్ గారి పంట్లాముకీ
ఎవరిదో ఓణీకీ మధ్య ఒక పేజీ:

పాలియో, తెల్లది.
కన్నాలు 4.
నడిమికి నడిమి 98.
మెడ 58, పైన పిసరు.
చంక లోతు — దసురుని అడగాలి.
వాయిదా:

అక్కడ పెన్సిలు ఆగింది.
నోటిదాకా వచ్చిన "హెబొ"ని
మింగేసి దీపం ఆర్పాను.